అక్క దవడ ఎముక సర్జరీ, మా అనుభవం

అక్కకి కింది దవడలో అమెలోబ్లాస్టోమా అనే ట్యూమర్ వచ్చింది, క్యాన్సర్ కాదు గానీ పూర్తిగా తీయకపోతే మళ్ళీ వస్తుందంట, అందుకే చుట్టూ ఉన్న మంచి ఎముక కూడా కొంత కలిపి తీసేశారు. ఆ ఖాళీలో తుంటి దగ్గర తీసిన ఎముక పెట్టి, కదలకుండా టైటానియం ప్లేట్ బిగించి, సన్న ముక్కలు జారిపోకుండా పైన కరిగిపోయే మెష్ వేశారు. పాలీలాక్టిక్ యాసిడ్‌తో చేసింది అది, ఒంట్లో తడికి మెల్లగా విడిపోతూ ఏడాది రెండేళ్ళలో కరిగిపోతుంది, దాన్ని తీయడానికి ఇంకో ఆపరేషన్ అక్కర్లేదు. నాకు బాగా నచ్చింది ఇదే.

నచ్చనిది ఒకటుంది. దవడ కంటే తుంటి నొప్పే ఎక్కువ ఏడిపించింది, రెండు వారాలు సరిగ్గా నడవలేకపోయింది పాపం, ఈ సంగతి ముందే గట్టిగా చెప్పాల్సింది కదా! కింది పెదవి మొద్దుబారుతుందని మాత్రం చెప్పారు.

డాక్టర్ల పనితనానికి ఫుల్ మార్కులు, ముఖం ఆకారం అస్సలు మారలేదు. ఖాళీ బాగా పెద్దదైతే, దాదాపు 6 సెంటీమీటర్లు దాటితే, కాలి ఫిబులా ఎముకని రక్తనాళాలతో సహా తెచ్చి అతికించడమే మేలంట, మీ కేసులో ఏది చేస్తారో ముందే అడగండి. ఇప్పుడు ఆరు నెలలైంది, స్కాన్‌లో ఎముక కలిసిపోయింది, వచ్చే వారం పళ్ళ ఇంప్లాంట్స్ మొదలు.