ఐక్యాప్ మొరాయిస్తే ఎక్కడ వెతకాలి: ఒక అడ్మిన్ సమీక్ష

హెచ్‌పీ వారి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ హెచ్‌పీ-యూఎక్స్ నడిచే ఇంటెగ్రిటీ సర్వర్లలో కొన్ని ప్రాసెసర్ కోర్లను ముందుగానే అమర్చి, వాడుక హక్కు కొనేదాకా నిద్రాణంగా ఉంచే పద్ధతి ఒకటి ఉంది. ఆ హక్కుల లెక్క చూసే సాఫ్ట్‌వేర్ పేరు ఇన్‌స్టంట్ కెపాసిటీ. అడ్మిన్ల వాడుకలో ఐక్యాప్. చిక్కు వచ్చిన రోజు ఇది మనకు ఎంతవరకు తోడ్పడుతుందన్నదే ఈ సమీక్షలో నేను చూడదలచిన విషయం.

దీనిలో నాకు బాగా నచ్చినది ఐక్యాప్‌స్టేటస్ ఆదేశం. ఎన్ని కోర్లకు హక్కు ఉంది, ఏ పార్టిషన్‌లో (సర్వర్‌ను విడదీసిన భాగంలో) ఎన్ని మేల్కొని ఉన్నాయి, తాత్కాలిక సామర్థ్యం (హక్కుకు మించి కోర్లను వాడుకోవడానికి ముందే కొన్న సమయం) ఇంకా ఎంత మిగిలింది అన్న వివరాలన్నీ ఒక్కచోటే చూపిస్తుంది. కోర్ మేల్కొనడం లేదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ముందు దీన్ని నడిపితే, హక్కులన్నీ మరో పార్టిషన్ వాడేసుకుందన్న సంగతి చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది. అప్పుడు అక్కడ ఒక కోర్‌ను ఆపి, ఇక్కడ ఒకటి మేల్కొల్పితే సరిపోతుంది. కొత్తగా కొనవలసిన పని లేదు.

అసలు జాగ్రత్త తాత్కాలిక సామర్థ్యం దగ్గర కావాలి. దీన్ని 30 కోర్-రోజుల చొప్పున, అంటే 43,200 నిమిషాలుగా అమ్మేవారు. హక్కుకు మించి నాలుగు కోర్లు మేల్కొని ఉంటే ఆ నిల్వ ఏడున్నర రోజులకే అయిపోతుంది. లెక్క కోర్ మేల్కొని ఉన్న సమయానికే గాని, దాని మీద పడిన పనికి కాదు. త్రైమాసికం చివర బ్యాచ్ పనుల కోసం మేల్కొల్పిన కోర్లను మా బృందం తిరిగి ఆపకపోవడంతో, ఖాళీగా కూర్చున్న కోర్లకే నిల్వ కరిగిపోయింది. ఆ పొరపాటు పూర్తిగా మాదే. ఆ తరువాత ఐక్యాప్‌స్టేటస్ ఫలితం రోజూ ఉదయం మాకు మెయిల్‌లో వచ్చేలా, పనులను నిర్ణీత వేళకు నడిపే క్రాన్‌లో పెట్టుకున్నాము.

లోపం విషయానికి వస్తే, వచ్చిన దోషం ఏ పొరలో పుట్టిందో ఐక్యాప్ సందేశాలు చాలాసార్లు స్పష్టంగా చెప్పవు. ఇది సర్వర్ నిర్వహణ సమాచారాన్ని అందించే డబ్ల్యూబెమ్ సేవల మీద, పార్టిషన్ల వివరాలిచ్చే ఎన్‌పార్ ప్రొవైడర్ మీద ఆధారపడి పనిచేస్తుంది కాబట్టి, అడుగున డబ్ల్యూబెమ్‌ను నడిపే సిమ్‌సర్వర్ ఆగిపోయినా ఐక్యాప్ చెడిపోయినట్టే కనిపిస్తుంది. అందుకే నేను ముందు ఐక్యాప్ తరఫున వెనుక నడుస్తూ ఉండే ఐక్యాప్‌డీ డీమన్‌ను, తరువాత సిమ్‌సర్వర్‌ను చూసి, ఆ పైన ఐక్యాప్ లాగ్ తెరుస్తాను. కొన్న హక్కును సర్వర్‌లో నమోదు చేసే కోడ్‌వర్డ్ తిరస్కరణకు గురైతే మాత్రం వరుస చూడాలి: కోడ్‌వర్డ్‌లను జారీ అయిన క్రమంలోనే, ఏ కాంప్లెక్స్ (పార్టిషన్లన్నీ కలిసిన మొత్తం యంత్రం) కోసం జారీ అయ్యాయో దానికే ఎక్కించాలి.

పాడైన కోర్ స్థానంలో నిద్రాణంగా ఉన్న కోర్‌ను అదనపు రుసుము లేకుండా తానే మేల్కొల్పడం ఈ సాఫ్ట్‌వేర్‌కున్న మరో గొప్ప సుగుణం. హెచ్‌పీ-యూఎక్స్ 11ఐ వీ3 ప్రామాణిక మద్దతుకు ప్రకటించిన గడువు 2025 డిసెంబరు 31 కనుక, కొత్తగా దీన్ని ఎంచుకోమని ఎవరికీ చెప్పను. ఇప్పటికే నడుపుతున్నవారు మాత్రం కోడ్‌వర్డ్‌లనూ ఐక్యాప్ లాగ్ ప్రతులనూ సర్వర్‌కు బయట భద్రపరచుకోవాలి.