కుస్కో: మాచు పిచ్చు రైలెక్కే ముందు రెండు రోజులు

పెరూ వెళ్ళే మనవాళ్ళలో చాలామందికి కుస్కో అంటే మాచు పిచ్చు దారిలో ఒక రాత్రి తలదాచుకునే ఊరు. అలా దాటిపోతే నష్టమే. స్పెయిన్ తండ్రికీ స్థానిక తల్లికీ పుట్టిన బిడ్డకు వలసపాలకులు పెట్టిన పేరు 'మెస్తీసో'. 2017 జనగణనలో పెరూ జనం దాదాపు 60 శాతం తమను తాము మెస్తీసోలమనే రాయించుకున్నారు. ఆ మాట వెనకున్న కథలో తొలి ఘట్టాలు చాలావరకు కుస్కో నడిబొడ్డున, ప్లాసా దే ఆర్మాస్ అనే పెద్ద చౌకు చుట్టూ పది నిమిషాల నడక దూరంలోనే జరిగాయి.

ముందు వీసా సంగతి. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ వీసాల్లో ఏదైనా కనీసం ఆరు నెలల గడువుతో ఉంటే, లేదా ఆ దేశాల్లో శాశ్వత నివాసం ఉంటే, భారతీయులకు పెరూ వీసా అక్కర్లేదు. డాలస్, న్యూజెర్సీల నుంచి బయలుదేరే హెచ్-1బీ వాళ్ళు పొరబడేది ఇక్కడే: పొడిగింపు కాగితం చేతిలో ఉన్నా పాస్‌పోర్టులో స్టాంపు గడువు తీరిపోతే ఈ మినహాయింపు వర్తించదు.

ఊరు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. రాజధాని లీమా నుంచి విమానంలో దిగిన రోజే చాలామందికి తలనొప్పి, కొందరికి వాంతులు పట్టుకుంటాయి. దిగీదిగగానే టాక్సీలో ఉరుబాంబా లోయకు పోయి, 2,800 మీటర్ల దగ్గర రెండు రాత్రులు పడుకుని, ఆ తర్వాత కుస్కో ఎక్కడం తెలివైన పని. ఎత్తుకు వాడే మాత్రలు డాక్టర్ని అడిగే తీసుకెళ్ళండి. హోటళ్ళలో ఇచ్చే కోకా టీ హాయిగానే ఉంటుంది కానీ, ఉద్యోగంలో డ్రగ్ టెస్టులు ఉన్నవాళ్ళు తాగొద్దు, ఫలితం పాజిటివ్ రావచ్చు. ఆ ఆకు అమెరికాకు తేవడం నేరం కూడా.

టికెట్ల గందరగోళం మరొకటి. 'బొలేతో తురీస్తికో' అనే ఉమ్మడి టికెట్ విదేశీయులకు కొన్నేళ్ళుగా 130 సోల్‌లు (పెరూ నాణెం), పది రోజులు చెల్లుతుంది. ఊళ్ళో మ్యూజియాలూ, ఊరి బయట తిపోన్, పికియాక్తా శిథిలాలూ చాలనుకుంటే అందులో ఒక భాగానికే చెల్లే 70 సోల్‌ల 'రెండో సర్క్యూట్' టికెట్ తీసుకోండి, అది రెండు రోజులు చెల్లుతుంది. కేథడ్రల్, కొరికాంచా మఠం, కొంపాన్యీయా చర్చి ఈ రెంటిలోనూ లేవు, వేటి టికెట్ వాటిదే. 'కొరికాంచా' అని టికెట్ మీద చూసి మఠం గేటు దగ్గర వాదించేవాళ్ళు రోజూ కనిపిస్తారు. టికెట్‌లో ఉన్నది ఎల్ సోల్ వీధి వైపు తోట కింద ఉన్న చిన్న మ్యూజియం మాత్రమే. అసలు చూడాల్సింది పైన మఠంలో మిగిలిన గుడి గోడలు, స్పెయిన్ వాళ్ళకు ముందు ఈ నేలను ఏలిన 'ఇంకా' రాజులు కట్టినవి. వాటి మీది బంగారు రేకులు 1533లో, స్పెయిన్ వాళ్ళకు చిక్కిన ఇంకా రాజు అతావాల్పా విడుదల సొమ్ము కింద పోయాయి. 1950 భూకంపంలో పైనున్న స్పెయిన్ కట్టడం దెబ్బతింది. సున్నం లేకుండా పేర్చిన కింది రాళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు.

ఒక్క చోటికే సమయం ఉంటే కొంపాన్యీయా చర్చికి వెళ్ళండి. లోపలికి అడుగు పెట్టగానే ఎడమవైపు గోడ మీద పెద్ద పెళ్ళి చిత్రం ఉంటుంది. వరుడు మార్తీన్ గార్సీయా దే లొయోలా, వధువు ఇంకా రాజకుమారి బెయాత్రీస్. పట్టుబట్టలు, గొడుగు, పక్కన సాధువులు: చూడటానికి ఏ లోటూ లేని రెండు వంశాల వియ్యం. చిత్రం చెప్పనిది వేరే ఉంది. 1572లో బెయాత్రీస్ పినతండ్రి, చివరి ఇంకా రాజు తూపాక్ అమారును అడవిలో వెంటాడి పట్టుకున్నది ఈ పెళ్ళికొడుకే. ఆ రాజును చర్చి ముందున్న ఈ చౌకులోనే తల నరికి చంపారు. పట్టి తెచ్చినందుకు స్పెయిన్ వైస్రాయ్ తొలేదో ఇతనికి ఇచ్చిన బహుమానం ఈ అమ్మాయి, ఆమె ఆస్తితో సహా. అదే చిత్రంలో కుడిపక్క వాళ్ళ కూతురి పెళ్ళి కూడా జరుగుతూ ఉంటుంది, కాలాన్ని మడిచి పెట్టినట్టు. ఈ చర్చి జెసూట్లు అనే క్రైస్తవ సన్యాసి సంఘానిది. ఆక్రమణను వియ్యంలా చూపించే ఈ బొమ్మను వాళ్ళు గుమ్మం పక్కనే ఎందుకు పెట్టారో ఇంక వేరే చెప్పక్కర్లేదు. వెలుతురు తక్కువ కాబట్టి మధ్యాహ్నం లోపే చూసేయండి.

రెండో సర్క్యూట్ టికెట్ మీద గార్సిలాసో ఇల్లు చూడొచ్చు, ఇప్పుడది ప్రాంతీయ చరిత్ర మ్యూజియం. 1539లో పుట్టిన రచయిత 'ఇంకా' గార్సిలాసో దే లా వేగా తండ్రి స్పెయిన్ కెప్టెన్, తల్లి ఇంకా రాజవంశపు చింపు ఓక్యో. తండ్రి ఆమెను వదిలి స్పెయిన్ ఆవిడను పెళ్ళాడాడు. కొడుకు 1560లో స్పెయిన్ వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. తిట్టుగా వాడే 'మెస్తీసో' అనే పేరును నోరారా చెప్పుకుంటానని రాసింది ఆయనే. 1780లో స్పెయిన్ పాలన మీద తిరగబడ్డ రెండో తూపాక్ అమారు కూడా మెస్తీసోనే, 1781 మే 18న ఇదే చౌకులో చంపారు. మ్యూజియంలో వివరణలు ఎక్కువగా స్పానిష్‌లోనే ఉంటాయి, గంట చాలు.

కేథడ్రల్‌లో ఫోటోలు తీయనివ్వరు. మార్కోస్ సపాతా గీసిన కడపటి విందు బొమ్మలో క్రీస్తు ముందు పళ్ళెంలో వెల్లకిలా ఉన్నది కూయ్, అంటే గినీ పంది. అది చూసి నవ్వి వెళ్ళిపోతారు చాలామంది. దీపాల పొగకు నల్లబడ్డ 'భూకంపాల స్వామి', అంటే సిలువ మీది క్రీస్తు విగ్రహం దగ్గర కాసేపు నిలబడితే ఊరి భక్తి ఎవరి మీదో తెలుస్తుంది.

బసకు సాన్ బ్లాస్ పేట అందంగా ఉంటుంది కానీ దారంతా మెట్లే, పెట్టెలతో మొదటి రోజు ఎక్కడం శిక్ష. చౌకుకు దిగువన పాత మండువా ఇళ్ళ హోటళ్ళు నయం. జూన్, జూలైలలో రాత్రి చలి సున్నా దగ్గరికి పోతుంది, గదిలో హీటర్ ఉందో లేదో ముందే అడగండి. పాస్‌పోర్టు, దేశంలోకి ప్రవేశించిన వివరాలు చూపిస్తే విదేశీ యాత్రికులకు గది అద్దె మీద 18 శాతం పన్ను పడదు. బిల్లులో వేస్తే తీసేయమనండి. చిరిగిన డాలరు నోటు ఎవరూ తీసుకోరు. టాక్సీకి మీటరు ఉండదు, ఎక్కకముందే బేరం.

శాకాహారులు 'సిన్ కార్నే' (మాంసం లేకుండా) అంటే సరిపోదు, కోడి రసంలో ఉడికిన సూప్ వచ్చేస్తుంది. 'సిన్ పోయో, సిన్ కాల్దో' (కోడి వద్దు, మాంసపు రసం వద్దు) అని కూడా చేర్చండి. సాన్ పేద్రో మార్కెట్‌లో ఉచుకూతా అడిగి తినండి: రోకోతో మిరపకాయ, వాకతాయ్ ఆకు వేసి రాతి మీద నూరే కారం. రోటి పచ్చడి ఎరిగిన నాలుకకు కొత్తగా అనిపించదు.

రెండో రోజు ఆందావైలీయాస్ అనే పల్లెలోని చర్చికి పెట్టుకోండి. ఊర్కోస్ బస్సులో సుమారు గంట, తిపోన్, పికియాక్తా ఈ దారిలోనే. చర్చి టికెట్ మళ్ళీ వేరే. పైకప్పు చిత్రాల గురించి గైడ్లు ఎక్కువ చెబుతారు, మీరు జ్ఞానస్నానపు గది గుమ్మం వెతకండి. బాప్తిస్మ మంత్రం లాటిన్, స్పానిష్, కెచువా, ఐమారా, పుకీనా భాషల్లో రాసి ఉంటుంది. పుకీనా మాట్లాడేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. తిరుగు బస్సుకు స్టాండు వెతకక్కర్లేదు, ఆ పల్లె చౌకు దాటి పెద్ద రోడ్డెక్కి చేయెత్తితే ఆపుతారు.