న్యూయార్క్ వెళ్లడం మేలా, సొంతూళ్లోనే ఉండి వాయించడం మేలా? ఇద్దరు జపాన్ డ్రమ్మర్ల కథ

జాజ్ పుట్టింది అమెరికాలో కాబట్టి జపాన్‌లో ఆ సంగీతం వాయించేవాళ్లందరికీ ఈ ప్రశ్న ఎదురయ్యేదే. నాకు బాగా ఇష్టమైన ఇద్దరు డ్రమ్మర్లని పక్కపక్కన పెట్టి చూద్దాం అనిపించింది.

మోటోహికో హినో 1946లో పుట్టాడు. ఎనిమిదేళ్లకే ట్యాప్ డ్యాన్స్, పదేళ్లకి డ్రమ్స్. అన్న తెరుమాస హినో ట్రంపెట్‌లో పెద్ద పేరు, ఆయన బ్యాండ్‌లోనే తమ్ముడూ రాటుదేలాడు. 1970ల్లో స్వింగ్ జర్నల్ పత్రిక పోల్స్‌లో టాప్ డ్రమ్మర్ ఇతనే, అయినా అంత పేరూ వదులుకుని 1978లో న్యూయార్క్ వెళ్లిపోయాడు. అక్కడ శాక్సఫోనిస్ట్ జో హెండర్సన్, పియానిస్ట్ జోఆన్ బ్రాకీన్ లాంటివాళ్లతో వాయించాడు. అలాంటివాళ్ల పక్కన కూర్చుంటే వచ్చే పదును ఇంట్లో ప్రాక్టీస్ చేస్తే రాదు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఎక్కువసార్లు వేరేవాళ్ల పాటకి తాళం పట్టాల్సి వస్తుంది.

మసాహికో తోగాషి సంగతి వేరు. 1940లో టోక్యోలో పుట్టాడు, చిన్నప్పుడే నాన్న స్వింగ్ (ఊగే లయతో సాగే జాజ్) బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించాడు, 1969కల్లా జపాన్ ఫ్రీ జాజ్‌లో (తాళం, రాగం కట్టుబాట్లు లేకుండా అప్పటికప్పుడు వాయించే జాజ్) ముందు వరసలో ఉన్నాడు. 1970లో వెన్నుకి గాయమై రెండు కాళ్లూ పడిపోయాయి. జాజ్ డ్రమ్మర్‌కి కాళ్లు అంటే ఏంటో తెలుసు కదా, కుడికాలు బాస్ డ్రమ్ మీద, ఎడమకాలు హై-హ్యాట్ (ఒకదానికొకటి కొట్టుకునే జంట తాళాలు) పెడల్ మీద, రెండో బీటూ నాలుగో బీటూ పడేది ఆ ఎడమకాలితోనే, స్వింగ్ నిలబడటానికి అదో ఆధారం. అది పోతే ఇంకెవరైనా స్టిక్స్ పక్కన పెట్టేసేవాళ్లేమో, ఈయన మాత్రం చేతులతోనే వాయించేలా కొత్త కిట్ తనే డిజైన్ చేసుకున్నాడు. దాంతో సంగీతమే మారింది, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ, ఒక్క సింబల్ (లోహపు తాళం పళ్లెం) మోగి పూర్తిగా ఆరిపోయేదాకా ఆగడం. 1975లో వచ్చిన స్పిరిచువల్ నేచర్ ఆల్బమ్ వింటే అర్థమవుతుంది.

మూడో దారి కూడా ఉంది, టకేఓ మొరియామాది. పియానిస్ట్ యోసుకే యమషితా ట్రియోలో (ముగ్గురి బృందం), బేస్ (మంద్రస్వరాల తీగ వాద్యం) అనేదే లేకుండా, పియానో శాక్సఫోన్లతో పోటీపడి వాయించేవాడు, 1974లో జర్మనీలోని మోర్స్ ఫెస్టివల్‌ని ఊపేశారు. కాపురం జపాన్‌లోనే, టూర్లు మాత్రం యూరప్‌కి.

నన్నడిగితే, ఇంకా నేర్చుకునే వయసులో ఉన్నోళ్లకి హినో దారే మేలు, టైమ్ (లయ నిలకడ) గట్టిపడాలంటే గట్టివాళ్ల మధ్య పడాలి. కానీ వినేవాడిగా నా ఓటు తోగాషికే. ఆయనా 1979లో ప్యారిస్ వెళ్లి అమెరికా ట్రంపెటర్ డాన్ చెర్రీ, బేసిస్ట్ చార్లీ హేడెన్‌లతో రికార్డ్ చేశాడు, కాకపోతే తన పేరు మీద, తన సౌండ్‌తో. మొదటిసారి విన్నప్పుడు కాళ్ల పని ఎక్కడ మిస్సయిందా అని వెతుకుతూ విన్నాను, రెండోసారికి వెతకడమే మర్చిపోయాను.