చప్పుడు చేసే ప్లాస్టిక్ డైపరు: రెండేళ్ళ మూడు నెలల వాడకం తర్వాత

అమ్మకు పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది. ఆసుపత్రి నుంచి తెనాలిలోని మా ఇంటికి తెచ్చుకుని రెండేళ్ళ మూడు నెలలయింది. అప్పటి నుంచి పెద్దల డైపర్లు ఆన్‌లైన్‌లోనే కొంటున్నాను. ఏ సైజు ఎన్ని అంగుళాల నడుముకు, ఎన్ని గంటలకు మార్చాలి అన్నవి ప్రతి ప్యాకెట్టు మీదా ఉంటాయి కనుక వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది డైపరు వెనక ఉండే పొర గురించే. కొన్నిటికి ఆ పొర పలచని ప్లాస్టిక్ కాగితంలా నున్నగా ఉంటుంది, ముట్టుకుంటే గరగరమంటుంది. కొన్నిటికి దాని మీద బట్టలాంటి మెత్తని పొర అతికించి ఉంటుంది. నేను మొదటి రకం మనిషిని. కంపెనీ పేరు మాత్రం రాయను. ఒకే పేరు మీద రెండు రకాల సరుకూ వస్తోంది. పేరు చూసి కొంటే నాలాగే మోసపోతారు.

నిజం చెప్పాలంటే ప్లాస్టిక్ రకాన్ని మొదట ధర చూసే కొన్నాను. ఆసుపత్రిలో వాడినవి మెత్తగా, తెల్లగా బాగుండేవి, కానీ ఒక్కొక్కటి 55 రూపాయలు పడింది. రోజుకు నాలుగు చొప్పున నెలకు 120 కావాలి. మందులు, ఫిజియోథెరపీ ఖర్చు పోగా ఆ ధర మాకు అందేది కాదు. ఆన్‌లైన్‌లో పది ఉన్న ప్యాకెట్టు 320 రూపాయలకు దొరికింది. చేతికి వచ్చాక తెరిస్తే సరుకుల సంచి విప్పినట్టు చప్పుడు. అమ్మ ముఖం చిన్నబోయింది. మాట ముద్దగా వచ్చే రోజులవి. అయినా కూడబలుక్కుని, "చప్పుడవుతోందే... వింటారు" అంది. చూడటానికి ఎవరైనా వస్తే ఆమె కదలకుండా బిగుసుకుని పడుకునేది. ఈ ప్యాకెట్టు అయిపోతే మానేద్దామనే అనుకున్నాను.

మానకపోవడానికి కారణం రెండో నెలలో ఒక రాత్రి. అమ్మ మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంటాను. ఆమె గట్టిగా పిలవలేకపోయేది. ఎడమ చేతికి అందేలా చిన్న గంట పెట్టాం కానీ అది పొర్లి మంచం కిందకు పోయేది. ఆ రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగింది. నిద్రలో గరగరమని చెవిన పడి లేచాను. అమ్మ ఎడమ కాలితో పక్కకు జరగాలని చూస్తోంది. ఫోను వెలుగులో చూస్తే డైపరు మధ్యలో ఉండే, తడిస్తే రంగు మారే పసుపు గీత మొత్తం నీలంగా మారింది. వెంటనే మార్చాను. తర్వాత మూడు నాలుగు రాత్రులు అలాగే జరిగాక మాకిద్దరికీ అర్థమైంది. తడిస్తే ఆమె కాలు కదుపుతుంది, నాకు మెలకువ వస్తుంది. ఏ చప్పుడుకు సిగ్గుపడిందో దాంతోనే నన్ను పిలవడం మొదలుపెట్టింది. ఏ ప్యాకెట్టు మీదా రాయని ఈ గుణం ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

రెండో మేలు నడుము పక్కల అంటించే టేపులది. ఇంట్లో నేనొక్కదాన్నే మార్చాలి. అమ్మను ఎడమకు తిప్పి, డైపరును నిలువుగా సగం మడిచి నడుము కిందకు తోసి, మళ్ళీ కుడికి తిప్పి రెండో సగం లాగాలి. ఇలా చేసినప్పుడు మొదటిసారే నడుము మధ్యకు సరిగ్గా రావడం అరుదు. ప్లాస్టిక్ మీద టేపును ఊడదీసి మళ్ళీ అంటించవచ్చు. నేను మూడుసార్లు దాకా అంటించాను, పట్టు వదల్లేదు. కింది టేపులు కాస్త పైకి, పై టేపులు కాస్త కిందకు ఏటవాలుగా వేస్తే తొడల దగ్గర సందు ఉండదు. చేతికి కొబ్బరినూనె గానీ పౌడరు గానీ ఉంటే మాత్రం ఏ టేపూ అంటదు. ఇది తెలియక మొదటి వారంలో నాలుగు పారేశాను.

ఇంత సంతోషంలో అమ్మకం పేజీలోనే ఐదు నక్షత్రాలు ఇచ్చి పొడుగ్గా మెచ్చుకుంటూ రాశాను. ఒంగోలులో మా పిన్ని వాళ్ళ మావగారికి కూడా అదే కొనమని చెప్పాను.

పదిహేనో నెలలో ఎనిమిది ప్యాకెట్ల పెట్టె ఒకేసారి తెప్పించాను. 2,160 రూపాయలు, అంటే ఒక్కోటి 27. అదే బొమ్మ, అదే రంగు, ఆన్‌లైన్‌లో అదే పేజీ. పెట్టె వచ్చిన రోజు మా తమ్ముడి కూతురి ఓణీల వేడుక. ఇల్లంతా చుట్టాలు. రాత్రి పదింటికి కొత్త ప్యాకెట్టు తెరిచి అమ్మకు వేశాను. చేతికి మెత్తగా తగిలింది. సరుకు బాగుచేశారనుకుని సంతోషించాను కూడా. అమ్మ చప్పుడు లేదని చేత్తో తడిమి చూసుకుని నవ్వింది. ఎడమ వైపు కాస్త వంకరగా ఉందని టేపు తీసి మళ్ళీ వేసి పడుకున్నాను.

పొద్దున ఐదింటికి పాలవాడి పిలుపుతో లేచాను. అమ్మ కళ్ళు తెరిచి పైకి చూస్తూ ఉంది. జాకెట్టు వీపు సగం దాకా తడి, దుప్పటి తడి, కింద పరుపు తడి. ఎడమ టేపు ఊడి, దాని జిగురుకు బట్టలాంటి పొర నూగులా లేచి అంటుకుని ఉంది. రెండోసారి అంటించినప్పుడే దాని పట్టు పోయిందన్నమాట. ఎప్పటి నుంచి అలా ఉందని అడిగితే ఆమె చెప్పలేకపోయింది, కాలు కదిపి చూపించింది. రాత్రంతా కదుపుతూనే ఉంది. నాకు వినపడలేదు.

నడుము కింది ఎముక దగ్గర చర్మం ఎర్రబడి ఒలిచినట్టయింది. గాలి పరుపు ఉంది, పగలు రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతూనే ఉంటాం. అందువల్ల పడక పుండు కాకుండా తప్పింది. డాక్టరుగారు చెప్పిన జింక్ ఆక్సైడ్ పూత రాస్తే తగ్గడానికి పన్నెండు రోజులు పట్టింది.

అమ్మకందారుకు ఫొటోలు పంపాను. పరిశుభ్రత వస్తువులు వెనక్కు తీసుకోబోమన్నారు. తెరవని ఏడు ప్యాకెట్ల సంగతి అడిగితే, బొమ్మ నమూనా కోసం మాత్రమేనని జవాబు. ప్యాకెట్టు వెనక అడుగున, గోరంత అక్షరాల్లో, కొత్త మెత్తని పొర అని రాసి ఉంది. పొర మార్చుకోవడం వాళ్ళ ఇష్టం, అది కావాలనుకునేవాళ్ళూ చాలామందే ఉన్నారు. కానీ పాత పొరను చూసి జనం రాసిన మెప్పులన్నీ, నేను రాసిన దానితో సహా, అదే పేజీలో కొత్త సరుకు కింద ఉంచి అమ్మడం తప్పు. మంచంలో ఉన్న మనిషికి అది ఒక రాత్రి నరకం. ఆ రోజే వెళ్ళి నా సమీక్షను దిద్దాను, పిన్నికి ఫోను చేసి ఆపమన్నాను.

అప్పటి నుంచి వెతికే పద్ధతి మార్చుకున్నాను. 'ప్లాస్టిక్ పొర' అని వెతికితే ఏదీ సరిగ్గా రాదు. అమ్మేవాళ్ళు దాన్ని గొప్పగా చెప్పుకోరు. గాలి ఆడుతుందని, బట్టలా ఉంటుందని రాసి ఉంటే అది మనకు కావలసింది కాదు. ఏమీ రాయకపోతే ప్లాస్టిక్‌ది కావచ్చు, కానీ నమ్మకం లేదు. అందుకే కొన్నవాళ్ళు పెట్టిన ఫొటోలను తేదీ వరుసలో, కొత్తవి ముందు వచ్చేలా చూస్తాను. వెనక వైపు దీపం వెలుగు మెరుస్తుంటే ప్లాస్టిక్. ఒకే పేజీలో ఇద్దరు ముగ్గురు అమ్మకందారులు ఉంటారు, సరుకు వేరువేరుగా ఉండవచ్చు. ఏ పేరుతో బిల్లు వచ్చిందో రాసి పెట్టుకుంటున్నాను. మొదట ఒక్క ప్యాకెట్టే కొంటాను. పది ఉండే ప్యాకెట్టును ఎనిమిది చేసి ధర తగ్గించినట్టు చూపుతారు కనుక ఒక్కో డైపరుకు ఎంతో లెక్క వేస్తాను.

ఎంత తడి పీలుస్తుందో చూడటానికి మామూలు నీళ్ళు పోయకండి. లోపల ఉండే జెల్ పొడి మామూలు నీటిని చాలా ఎక్కువ పీలుస్తుంది, ఉప్పు ఉన్న నీటిని తక్కువ పీలుస్తుంది, మూత్రంలోనూ ఉప్పు ఉంటుంది. లీటరు నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు కలిపి, అర లీటరును కొంచెం కొంచెంగా పోసి, మీద కాగితం పెట్టి నొక్కి చూస్తాను. చవక రకాల్లో రెండు ఇక్కడే తేలిపోయాయి.

2025 సెప్టెంబరు 22 నుంచి డైపర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 320 రూపాయల ప్యాకెట్టు లెక్క ప్రకారం 300కు రావాలి. ముద్రించిన ధర తగ్గింది గానీ నేను కొనే చోట రాయితీ కూడా తగ్గింది, నా చేతి నుంచి పోయేది దాదాపు అంతే. పెట్టె మొత్తం కొంటేనే ఇప్పటికీ ఆదా. ఆ పెట్టెను అటక మీద పెట్టవద్దు. వేసవిలో మా అటక వేడికి రెండు ప్యాకెట్ల టేపుల జిగురు చెడిపోయింది.

మొదటి సమీక్షలో నేను రాయనిది ఒకటుంది. రాసింది చలికాలంలో. మే నెల వచ్చి రోహిణి ఎండలు మొదలయ్యాక ప్లాస్టిక్ లోపల చెమట పట్టి, గజ్జల్లో ఒరుసుకుని అమ్మకు దద్దుర్లు లేచాయి. ఇప్పుడు ఏప్రిల్ నుంచి జూన్ దాకా పగలు బట్టలాంటి పొర ఉన్నవే వాడుతున్నాను. మధ్యాహ్నం గంటసేపు ఏదీ వేయకుండా, కింద అండర్‌ప్యాడ్ (తడి పీల్చే పరుపు మీది గుడ్డలాంటిది) పరిచి గాలి ఆడనిస్తాను. రాత్రికి మాత్రం ఏ కాలమైనా ప్లాస్టిక్‌వే. ఆ ఏడు ప్యాకెట్లు కూడా పగటిపూట బాగానే పనికొచ్చాయి, కాదనను.

మా అమ్మ 46 కిలోల మనిషి, మంచం దిగలేదు, గట్టిగా పిలవలేదు, పక్కన పడుకునేది నేను. ఇవి మారితే నా మాట కూడా మారవచ్చు. నడవగలిగే వాళ్ళకు చెడ్డీలా తొడుక్కునే ప్యాంటు రకమే హాయి. నలుగురిలోకి వెళ్ళేవాళ్ళకు ఈ చప్పుడు కష్టమే. చర్మం సున్నితమైనవాళ్ళు, లావుగా ఉండి చెమట ఎక్కువ పట్టేవాళ్ళు ఒక ప్యాకెట్టుతో మొదలుపెట్టి, రెండు రోజులు గజ్జలు చూసుకుంటూ ఉండండి.

గురువారం మళ్ళీ ఒక పెట్టె రావాలి. ప్రతి ప్యాకెట్టులోంచి ఒకటి తీసి చెవి దగ్గర నలిపి చూశాకే అమ్మ మంచం కిందకు తోస్తాను.