చిగుళ్ళ క్లినిక్‌లో నాలుగు నెలలు

బ్రష్ చేసేటప్పుడు నురగలో ఎర్రటి చార కనిపించడం నాకు రెండేళ్ళుగా అలవాటైపోయింది. నొప్పి లేదు కనుక పట్టించుకోలేదు. కింది వరసలో ముందు పన్ను ఒకటి నాలుకతో నెడితే కదులుతున్నట్టు అనిపించాకే, విజయవాడలో ఒక పీరియోడాంటిస్టు, అంటే చిగుళ్ళ వైద్యంలో ఎం.డి.ఎస్. చేసిన డాక్టరు, నడిపే చిన్న క్లినిక్‌కు వెళ్ళాను.

అంతకుముందు ఇంకొక చోట పావుగంటలో పళ్ళు తళతళలాడేలా చేసి పంపించారే తప్ప చిగుళ్ళను ఎవరూ కొలవలేదు. ఇక్కడ మొదటి రోజంతా కొలతలకే సరిపోయింది. మిల్లీమీటరు గీతలున్న సన్నని పుల్లలాంటి పరికరాన్ని ఒక్కొక్క పన్ను చుట్టూ ఆరు చోట్ల చిగురుకూ పన్నుకూ మధ్య మెల్లగా దించి, డాక్టరుగారు అంకెలు పైకి చదువుతుంటే సహాయకురాలు రాసుకున్నారు. "మూడు, రెండు, మూడు" అని సాగుతున్న వరస కదిలే పన్ను దగ్గరకు వచ్చేసరికి "ఐదు, ఆరు, ఏడు" అయింది. మూడు దాకా మామూలేనని, నాలుగు, ఆపైన వస్తే ఆలోచించాలని అప్పటికే చెప్పి ఉన్నారు కాబట్టి, కుర్చీలో పడుకునే నా జబ్బు లెక్క నేను విన్నాను.

తరువాత ఎక్స్‌రే ముందు కూర్చోబెట్టి ఆయన చెప్పిన తీరుకే ఈ క్లినిక్‌కు ఎక్కువ మార్కులు వేస్తాను. తీయకుండా వదిలేసిన పాచి గట్టిపడి గార అవుతుంది. చిగురు అంచు కిందికి చేరిన సూక్ష్మజీవుల మీద శరీరం చేసే పోరాటం ఏళ్ళ తరబడి సాగితే, పన్నును ఎముకకు పట్టి ఉంచే సన్నని నారపోగులు దెబ్బతిని, ఆ వాపు ప్రభావంతోనే చుట్టూ ఉన్న ఎముక కరిగిపోతుంది. ఎముకను సూక్ష్మజీవులు కొరికి తినవు, మన ఒంటి ప్రతిఘటనే దాన్ని ఎక్కువగా పోగొడుతుందన్న మాట నాకు కొత్త. చిగుళ్ళ వాపు దగ్గరే ఆగి ఉంటే పూర్తిగా నయమయ్యేదని, పోయిన ఎముక మాత్రం క్లీనింగ్‌తో తిరిగి రాదని దాచకుండా చెప్పారు. షుగరు అదుపులో లేనివారికి ఈ జబ్బు ముదురుతుందని మూడు నెలల సగటు పరీక్ష కూడా రాశారు.

మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, ఒకరోజు కుడివైపు, వారం తరువాత ఎడమవైపు, చిగురు లోపల పళ్ళ వేళ్ళకు అంటిన గారంతా గీకి తీశారు. నొప్పి దాదాపు తెలియలేదు.

నా ఫిర్యాదు ఇక్కడే ఉంది. వాపు దిగాక చిగుళ్ళు వెనక్కి జరిగి, పళ్ళు పొడుగ్గా కనిపించి, గార పోయిన చోట్ల సందులు బయటపడతాయని ముందుగా చెప్పలేదు. రెండు వారాలు చల్లని నీళ్ళకు పళ్ళు జివ్వుమన్నాయి. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని మా ఇంట్లో పెద్దలు ఎందుకంటారో అద్దంలో చూసుకున్నప్పుడు అర్థమైంది. ఎముక ఎప్పుడో పోయింది, గార ఆ ఖాళీని కప్పి ఉంచింది, అంతే. ఈ నాలుగు మాటలు కాగితం మీద అచ్చువేసి చేతికిస్తే రోగి బెదిరిపోడు. ఆరింటికి రమ్మని ఏడుంబావుకు పిలవడం మరో లోపం.

మూడు నెలల తరువాత మళ్ళీ కొలిస్తే ఏడు నాలుగైంది, రక్తం ఆగింది. వెనక దవడ పన్ను ఒకటి మాత్రం ఇంకా ఆరు దగ్గరే ఉంది. దానికి చిగురు తెరిచి శుభ్రం చేసే శస్త్రచికిత్స అవసరమవుతుందేమో వచ్చే నెల చూస్తామన్నారు. అప్పటిదాకా పళ్ళ సందుల్లో తిప్పే చిన్న బ్రష్ రోజూ వాడుతున్నాను.