ఎంజీబీనా, డాట్సన్ 2000 రోడ్‌స్టరా?

అమెరికాలో ఉంటూ టాప్ తీసి తిరిగే పాత కారు కొందామనుకుంటే నా లెక్కలో పోటీ బ్రిటిష్ కారు ఎంజీబీ, జపాన్ కారు డాట్సన్ 2000 రోడ్‌స్టర్ మధ్యే.

అరుదైనదే కావాలంటే డాట్సన్. వచ్చింది 1967 నుంచి 1970 వరకే, అందులోనూ పొట్టి అద్దమున్న 1967 మోడల్ దొరికితే వదలొద్దు, ఎందుకంటే 1968 నుంచి అమెరికా భద్రతా నిబంధనల కోసం ముందద్దం ఎత్తు పెంచేశారు. 1982 సీసీ ఇంజిన్, 5 గేర్లు. ఎంజీబీకి 4 గేర్లే, అందుకే ఓవర్‌డ్రైవ్ (టాప్ గేరు పైన అదనపు గేరులా పనిచేసే ఏర్పాటు) ఉన్నది వెతకండి, హైవే మీద ఇంజిన్ గోల తగ్గుతుంది.

ఎంజీబీ అరుదేమీ కాదు, 1962-80 మధ్య జీటీతో (పైకప్పు తీయరాని రకం) కలిపి 5 లక్షలకు పైగా చేశారు. కానీ లాభం కూడా అదే. అద్దం రబ్బరు నుంచి మొత్తం బాడీ షెల్ దాకా కొత్తవి కొనుక్కోవచ్చు. డాట్సన్‌కైతే చిన్న ట్రిమ్ (అలంకరణ పట్టీ లాంటి) ముక్క కోసం కూడా వేట తప్పదు.

కొనేముందు తుప్పు చూడండి. ఎంజీబీకి విడిగా ఛాసిస్ (కింది ఉక్కు చట్రం) లేదు, బరువంతా బాడీయే మోస్తుంది, కాబట్టి తలుపుల కిందుండే సిల్స్ పోతే కారు నడుం విరిగినట్టే. తలుపు మూసి, చుట్టూ సందు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉందో లేదో చూడాలి, పైన పెయింట్ ఎంత మెరిసినా సరే. డాట్సన్‌కి విడి ఛాసిస్ ఉంది, దాన్నీ లిఫ్ట్ మీద పెట్టించి చూడాల్సిందే.

1974 చివర్లో వచ్చిన నల్ల రబ్బరు బంపర్ల ఎంజీబీ నాకస్సలు నచ్చదు. క్రోమ్ బంపర్ల కారైతే మాత్రం నా ఓటు దానికే, శనివారం పొద్దున్నే బయల్దేరాలి గానీ పార్ట్ కోసం కూర్చోవడం నా వల్ల కాదు.