ఇంటికి వచ్చి రక్తం తీసుకెళ్లే ‘ఆర్థరైటిస్ ప్యాకేజీ’: నా అనుభవం, నా అంచనా

హైదరాబాద్‌లో చాలా ల్యాబులు ‘ఆర్థరైటిస్ ప్రొఫైల్’ అనో, ‘కీళ్ల నొప్పుల ప్యాకేజీ’ అనో పేరు పెట్టి, ఇంటికి మనిషిని పంపి రక్తం తీయించి, సాయంత్రానికల్లా వాట్సాప్‌లో రిపోర్టు అందిస్తున్నాయి. అలాంటి ప్యాకేజీ ఒకటి నేను రూ. 1,800 పెట్టి తీసుకున్నాను. ల్యాబు పేరు రాయడం లేదు. తరువాత బంధువుల ఇళ్లలో ఉన్న వేరే ల్యాబుల రిపోర్టులు కూడా అడిగి చూశాను, వాటిలోని పరీక్షలు కూడా దాదాపు ఇవే.

ముందుగా నేను ఈ ప్యాకేజీ దాకా ఎలా వచ్చానో చెప్పాలి. నాకు 43 ఏళ్లు, మల్కాజిగిరిలో ఉంటాను, బడిలో లెక్కలు చెబుతాను. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి గాజులు కొనడానికి లాడ్ బజార్ వెళ్లినప్పుడు, పెళ్లయిన నాటి నుంచి వేసుకుంటున్న 2.6 సైజు గాజు చేతికి ఎక్కలేదు. దుకాణంలోని పెద్దాయన అలవాటు ప్రకారం నా అరచేతిని రెండు పక్కల నుంచీ దగ్గరకు నొక్కి, వేళ్ల మొదలు దగ్గరున్న కణుపుల మీదుగా గాజును జరపబోతే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన వెంటనే చెయ్యి వదిలేసి, “చెయ్యి వాచిందమ్మా, 2.8 తీసుకోండి” అన్నారు. అప్పటికే కొన్ని వారాలుగా పొద్దున లేవగానే పిడికిలి బిగియడం లేదు, కుక్కర్ మూత తిప్పలేకపోతున్నాను, తడి బట్ట పిండలేకపోతున్నాను, మంచం దిగి మొదటి నాలుగడుగులు వేస్తుంటే అరికాళ్ల ముందు భాగంలో గులకరాళ్ల మీద నడిచినట్టు ఉంటోంది. స్నానం, వంట అయ్యి బడికి బయలుదేరే వేళకు చేతులు వదులయ్యేవి కాబట్టి దీన్ని జబ్బుగా అనుకోలేదు. అత్తయ్య చలిగాలి అన్నారు, మా వారు సుద్దముక్క పట్టుకుని రాయడం వల్ల అన్నారు. మందుల షాపులో ఇచ్చిన నొప్పి మాత్రలు వేసుకుంటూ భాద్రపదం దాకా నెట్టుకొచ్చి, చివరికి ఈ ప్యాకేజీ బుక్ చేశాను.

సేవ వరకు చెప్పాలంటే లోపం ఎంచడానికి లేదు. ఉదయం ఆరున్నరకు వస్తామన్నారు, ఆ వేళకే వచ్చారు. వచ్చిన కుర్రవాడు నా కళ్ల ముందే కొత్త సూది విప్పాడు, నా పేరు, వయసు నాతో చెప్పించుకుని అక్కడే ట్యూబుల మీద రాశాడు. నా మణికట్టు వాపు చూసి, “పిడికిలి గట్టిగా బిగించక్కర్లేదు మేడమ్, చెయ్యి అలాగే వదిలేయండి” అన్నాడు. ఒంట్లో వాపు ఉందో లేదో సూచించే ఈఎస్ఆర్ పరీక్షకు తీసిన రక్తాన్ని గది ఉష్ణోగ్రతలో ఉంచితే నాలుగు గంటల్లోపు పరీక్షించాలి. ఆ సంగతి అడిగితే, ఇంకా రెండు ఇళ్లు మాత్రమే ఉన్నాయనీ, ఎనిమిదిన్నరకల్లా ల్యాబులో అప్పగిస్తాననీ చెప్పాడు.

ప్యాకేజీలో రక్తకణాల లెక్క, ఈఎస్ఆర్, దానిలాగే వాపును సూచించే సీఆర్‌పీ, కీళ్లవాతం కోసం చూసే ఆర్ఏ ఫ్యాక్టర్, ఏఎస్ఓ, యూరిక్ యాసిడ్, కాల్షియం ఉన్నాయి. వీటిలో ఏఎస్ఓ నాలాంటి రోగికి దాదాపు అక్కరలేనిది. గొంతులో స్ట్రెప్టోకోకస్ ఇన్ఫెక్షన్ సోకిందా అన్నది ఆ పరీక్ష చెబుతుంది, ముఖ్యంగా పిల్లల్లో వచ్చే రుమాటిక్ ఫీవర్ విషయంలో పనికొస్తుంది. రుమాటిక్ ఫీవర్, నాకు ఉందని తరువాత తేలిన రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) అన్న పేర్లు దగ్గరగా ఉన్నా జబ్బులు వేరు. యూరిక్ యాసిడ్ గౌట్ అనే మరో కీళ్ల జబ్బుకు సంబంధించినది. అన్నిటికంటే ముందు ఉండవలసిన యాంటీ సీసీపీ పరీక్ష మాత్రం లేదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను ఇతర కీళ్ల జబ్బుల నుంచి వేరు చేసి చూపడంలో ఆర్ఏ ఫ్యాక్టర్ కంటే అది నమ్మదగినది, కొందరిలో నొప్పులు మొదలు కావడానికి కొన్నేళ్ల ముందే రక్తంలో కనిపిస్తుంది. ఖరీదు ఎక్కువ కాబట్టి తీసేసి ఉంటారని నా ఊహ.

నా రిపోర్టులో ఈఎస్ఆర్ 48, సీఆర్‌పీ 21, రెండూ ఎక్కువేనని ముదురు అక్షరాల్లో ఉంది. ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్. ప్యాకేజీతో పాటు ఉచితమని చెప్పిన ఫోన్ సలహా మూడు నిమిషాల్లో ముగిసింది. ఆర్ఏ నెగెటివ్ కాబట్టి కీళ్లవాతం లేదనీ, ఏదో ఇన్ఫెక్షన్ వల్ల మిగిలినవి పెరిగి ఉంటాయనీ, కాల్షియం మాత్రలు వాడమనీ చెప్పారు. పొద్దున ఎలా ఉంటోందని అడగలేదు, ఏ కీళ్లు అని అడగలేదు, ఏ మందులు వేసుకుంటున్నానో కూడా అడగలేదు. మందుల షాపుల్లో నొప్పికి ఇచ్చే మాత్రల్లో ఒక్కోసారి స్టెరాయిడ్ కూడా ఉంటుంది, అది పడితే వాపూ తగ్గుతుంది, ఈ అంకెలూ తగ్గుతాయి, జబ్బు మాత్రం లోపల ఉండనే ఉంటుంది. ఆ మాట నమ్మి నేను రెండు నెలలు కాల్షియం మింగాను. నా అసలు బాధ ఈ రెండు నెలల గురించే. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో మొదటి మూడు నుంచి ఆరు నెలలలోపు సరైన మందు మొదలుపెడితే కీలు అరిగిపోకుండా కాపాడుకునే అవకాశం ఎక్కువ, ఒకసారి ఎముక కోసుకుపోతే తిరిగి రాదు.

కార్తీకమాసంలో మా స్కూల్లో పనిచేసే ఒక టీచర్ బలవంతం మీద కీళ్లవాత నిపుణురాలి దగ్గరకు వెళ్లాను. ఆమె రిపోర్టు చూడకముందే, “పొద్దున లేచాక చేతులు వదులు కావడానికి ఎంతసేపు పడుతుందమ్మా?” అని అడిగారు. గంట పైనే అన్నాను. వయసు వల్ల వచ్చే అరుగుదలలో ఆ బిగుతు సాధారణంగా అరగంటలోపే పోతుందనీ, పని చేసేకొద్దీ నొప్పి పెరుగుతుందనీ, ఈ జబ్బులో అందుకు భిన్నంగా కదిలేకొద్దీ హాయిగా ఉంటుందనీ వివరించారు. ఆ మధ్య జ్వరం వచ్చిందా అని రెండుసార్లు అడిగారు, ఎందుకంటే చికున్‌గున్యా తరువాత వచ్చే కీళ్ల నొప్పులు అచ్చం ఇలాగే ఉండగలవు. 2006లో మన రాష్ట్రంలో ఆ జ్వరం ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసిన సంగతి నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ తరువాత ఒక్కొక్క కణుపునూ రెండు వేళ్లతో పట్టి చూసి, చివరగా నా అరచేతిని రెండు పక్కల నుంచీ దగ్గరకు నొక్కారు. లాడ్ బజార్‌లో పెద్దాయన నొక్కిన చోటే, అదే నొప్పి.

మొత్తం ఎనిమిది చిన్న కీళ్లలో వాపో నొప్పో ఉన్నట్టు కాగితం మీద గుర్తులు పెట్టి, యాంటీ సీసీపీ రాశారు. అది గరిష్ఠ పరిమితికి మూడు రెట్ల కంటే ఎక్కువ వచ్చింది. ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు, తొలిదశలో అలా ఉండటం మామూలే. అల్ట్రాసౌండ్‌లో మాత్రం కీళ్ల పొరలో వాపు స్పష్టంగా కనిపించింది.

లెక్కల టీచర్‌ని కాబట్టి ఆమె చూపించిన మార్కుల పద్ధతి నాకు బాగా పట్టింది. 2010లో అమెరికా, ఐరోపా కీళ్లవాత వైద్య సంఘాలు కలిసి రూపొందించిన కొలమానం అది. మొత్తం 10 మార్కులు. ఏ కీళ్లు, ఎన్ని అన్నదానికి 5 వరకు, ఆర్ఏ ఫ్యాక్టర్ లేదా యాంటీ సీసీపీకి 3 వరకు, ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ పెరిగితే 1, బాధ ఆరు వారాలు దాటితే 1. కనీసం ఒక కీలులో వాపును వైద్యులు నిర్ధారించి, దానికి వేరే కారణం లేదని తేల్చుకున్నాక ఈ లెక్క వేస్తారు. 6 గానీ అంతకు మించి గానీ వస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌గా పరిగణిస్తారు. నాకు 3, 3, 1, 1 చొప్పున 8 వచ్చాయి. ఇప్పుడు ఈ ప్యాకేజీని ఇదే కొలమానంతో చూడండి. అందులోని పరీక్షలన్నీ గట్టిగా పాజిటివ్ వచ్చినా 4 మార్కులకు మించవు. అంటే రక్తం ఒక్కటే చూసి ఈ జబ్బు ఉందని ఆ ప్యాకేజీ చెప్పలేదు, నెగెటివ్ చూసి లేదని అసలే చెప్పలేదు. ఈ జబ్బు ఉన్నవారిలో 20 నుంచి 30 శాతం మందికి ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్‌గానే ఉంటుంది, హెపటైటిస్ సి ఉన్నవారిలోనూ, ఆరోగ్యంగా ఉన్న కొందరు వృద్ధుల్లోనూ పాజిటివ్ వస్తుంది.

అందువల్ల నా అంచనా రెండు భాగాలుగా ఉంటుంది. జబ్బు ఏమిటో తేల్చుకోవడానికి ఈ ప్యాకేజీ తీసుకోవద్దని స్పష్టంగా చెబుతున్నాను. దానికి 5కు 1 ఇస్తాను. చేతివేళ్ల కణుపులు, మణికట్లు, పాదాల ముందు భాగం రెండు వైపులా వాచి, పొద్దున బిగుతు అరగంట దాటుతూ, ఇది ఆరు వారాలుగా సాగుతుంటే, ఆ రూ. 1,800 నేరుగా కీళ్లవాత నిపుణుల ఫీజుకు పెట్టండి. ప్రైవేటులో చూపించుకోలేనివారికి పంజాగుట్ట నిమ్స్‌లో ఈ వైద్యానికి ప్రత్యేక విభాగమే ఉంది.

ఇంటికి వచ్చి రక్తం తీసే సేవకు మాత్రం 5కు 5 ఇస్తాను. ఇప్పుడు నేను వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకునే మెథోట్రెక్సేట్ అనే కీళ్లవాతం మందు మీద ఉన్నాను కాబట్టి రక్తకణాలు, కాలేయం పనితీరు తరచూ చూపించుకోవాలి. వాటికి ఇప్పటికీ అదే ల్యాబును పిలుస్తున్నాను, అదే కుర్రవాడు వస్తున్నాడు.

ఏఎస్ఓ తీసేసి యాంటీ సీసీపీ చేర్చమనీ, ఫోన్ సలహాలో పొద్దున బిగుతు ఎంతసేపు ఉంటోందో తప్పక అడగమనీ ల్యాబుకు మెయిల్ రాశాను. సూచనను సంబంధిత విభాగానికి పంపామని జవాబు వచ్చింది. నిన్న మళ్లీ తెరిచి చూశాను, ప్యాకేజీలో పరీక్షలు పాతవే ఉన్నాయి.